నిడో డబ్బాలో రాయబారం

మావయ్య కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చింది 1993 వేసవిలో. రాజోలులో బస్సు దిగి, తాళ్ళతో బిగించిన పెద్ద అట్టపెట్టెను రిక్షాలో వేసుకుని మా గుమ్మం ముందు దిగాడు. పెట్టె విప్పుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. అమ్మకి జార్జెట్ చీర, నాన్నకి వాచీ, మామ్మ మోకాళ్ళకి యాక్స్ ఆయిల్, టాంగ్ పొడి, సెంటు సీసాలు. అన్నిటికీ అడుగున ఒక పెద్ద నిడో పాలపొడి డబ్బా. "ఇది నీకూ తమ్ముడికీనే" అని నా చేతిలో పెట్టాడు. ఊపితే గలగలమంది.

మావయ్య అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై ఆడటం మానేస్తే, ఆ ఇంటావిడ మీ పిల్లలకి ఇచ్చుకోమని ఇచ్చిందట. మూత తీసి చాప మీద గుమ్మరించాం. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, నల్లవి, నెత్తి మీద గుండీల్లాంటి బొడిపెలున్న ప్లాస్టిక్ ఇటుకలు. వాటి మధ్య వేలెడు కూడా లేని మనుషులు. వాటి పేరు లెగో అని మాకు చాలా ఏళ్ళదాకా తెలీదు. ఇటుకల్ని ముక్కలనేవాళ్ళం, మనుషుల్ని బుల్లోళ్ళనేవాళ్ళం. మొత్తం 23 మంది. కత్తీ డాలూ పట్టిన సైనికులు, సముద్రపు దొంగలు, ఒక పోలీసు, ఫైరింజను వాళ్ళు ఇద్దరు, ఇద్దరు వ్యోమగాములు. ఇంకా రెండు గుర్రాలు, ఒక కోతి.

తాతయ్య అరుగు మీంచి లేచొచ్చి ఒక బుల్లోణ్ణి వేళ్ళ మధ్య పట్టుకుని కళ్ళజోడు దగ్గరగా తెచ్చుకున్నాడు. పసుప్పచ్చటి మొహం, కళ్ళకి రెండు నల్లచుక్కలు, నవ్వుకి ఒక గీత.

"అర్దళం పూసుకునే వచ్చారే వీళ్ళు! మేకప్పు అయిపోయింది. ఇంక తెర తియ్యడమే ఆలస్యం" అన్నాడు.

తాతయ్యకి పగలు కొబ్బరికాయల ఒలుపు. నేలలో పాతిన గునపానికి కాయని పొడిచి, మూడు తిప్పుల్లో డొక్క విడదీసేవాడు. సంక్రాంతి దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, తీర్థాల రోజుల్లో, రాత్రిళ్ళు ఆయనకి ఇంకో పని ఉండేది. నాటకాలకి తెర లాగడం. సీన్లూ డ్రస్సులూ అద్దెకిచ్చే ఒక ఆసామి దగ్గర ఇరవై ఏళ్ళు ఆ పని చేశాడు. అంతర్వేది తీర్థం, భీమవరం మావుళ్ళమ్మ జాతర, ఊరూరా శ్రీరామనవమి పందిళ్ళు, ఎక్కడ నాటకమైతే అక్కడికి తెరల మూటతో పాటు వెళ్ళేవాడు.

తెరలన్నీ వెదురు బొంగులకి చుట్టి ఉండేవి. అంతఃపురం తెర, దర్బారు తెర, వీధి తెర, అడవి తెర. పైన కప్పీల మీదుగా తాళ్ళు. ఈల వేస్తే తెర పైకి, మళ్ళీ ఈల వేస్తే కిందకి. స్టేజీ మీద ఒక్క పద్యం పాడని ఆ మనిషికి నాటకం మొత్తం కంఠతా వచ్చు. ఆర్టిస్టు పద్యం మధ్యలో తడబడితే, తెర పక్కనుంచి తరవాతి మాట అందించేది తాతయ్యే.

మా వైపు నాటకం అంటే ముందు నోట్లోకి వచ్చేది రాయబారమే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. ఆ జంటలో తిరుపతి శాస్త్రిగారు పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పుట్టింది కడియంలో. మా కోనసీమకి అటొకరు, ఇటొకరు. అందుకే కాబోలు, ఆ పద్యాలు ఎవరో దూరపు కవులు రాసినట్టు అనిపించేవి కావు. దింపు వాళ్ళు చెట్టు మీదుండి పాడేవాళ్ళు, రేవులో పడవ వాళ్ళు పాడేవాళ్ళు. బడికి ఎన్నడూ వెళ్ళనివాళ్ళు కూడా 'బావా ఎప్పుడు వచ్చితీవు' అని ఎత్తుకుని చివరిదాకా తప్పులేకుండా లాక్కొచ్చేవాళ్ళు.

నాకు ఆరేళ్ళప్పట్నుంచీ తాతయ్య నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. జనంలో కూర్చోబెట్టేవాడు కాదు, తప్పిపోతానని భయం. చుట్టిన తెరల పక్కన గోనెపట్టా పరిచి అక్కడే కూర్చోమనేవాడు. అలా నేను నాటకాలన్నీ వెనకనుంచే చూశాను. ముందువైపు మఖమల్ గుడ్డ, తళుకులు, ముత్యాల దండలు. వెనక మాత్రం మామూలు గుడ్డకి నాడాలు, పిన్నీసులు. కృష్ణుడి కిరీటాన్ని మెడ వెనక పురికొసతో కట్టేవాళ్ళు. 'పరబ్రహ్మ పరమేశ్వర' అని అందరూ కలిసి ప్రార్థన పాడుతున్నప్పుడు దుర్యోధనుడి చెయ్యి వణుకుతుండటం చూశాను. తెర లేవగానే ఆ వణుకు ఎటు పోయేదో.

బుల్లోళ్ళు వచ్చాక నేను కట్టిన మొదటి స్టేజీని చూసి తమ్ముడు తికమకపడ్డాడు. నేను వెనకనుంచి కట్టాను. తాళ్ళు కట్టడానికి రెండు గుంజలు, ఆర్టిస్టులు నిలబడే పక్క చోటు, హార్మోనియం పెట్టే మూల, తెర లాగేవాడికి ఒక పీట. అవన్నీ అయ్యాకే ముందువైపు సంగతి. తాతయ్య మాత్రం చూడగానే నేరుగా వచ్చి ఆ వెనకవైపే చతికిలబడ్డాడు.

పాత్రలు పంచడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఒంటికాలికి కర్ర ఉన్న సముద్రపు దొంగ శకుని. దాని మీద ఎవరికీ పేచీ లేదు. ముఖం మీదకి మూసుకునే ఇనప టోపీ ఉన్న సైనికుణ్ణి ధృతరాష్ట్రుణ్ణి చేశాం. టోపీ మూస్తే గుడ్డివాడే. భీష్ముడికి బూరుగుదూది గడ్డం, అన్నం మెతుకుతో అతికించాం. ఎర్రకుచ్చు టోపీ కర్ణుడికి. ద్రౌపదికి విరబోసిన జుట్టు కావాలి కదా, అమ్మ కుట్టుమిషను దగ్గర నల్లదారం తెచ్చి మోకాళ్ళదాకా వదిలాం. పోలీసు బుల్లోడు తెర లాగేవాడు. ఆ వేషం తాతయ్యే స్వయంగా ఎంచాడు.

కృష్ణుడికి నీలం రంగు ఎలా? బట్టలకి పెట్టే నీలిమందుని కొబ్బరినూనెలో కలిపి అగ్గిపుల్లతో పూశాను. ఒక సీను అయ్యేసరికి నా వేళ్ళు నీలం, అర్జునుడి భుజం నీలం, సింహాసనం నీలం. నాకు ఏడుపొచ్చింది. తాతయ్య నెమ్మదిగా అన్నాడు: "నిజం నాటకంలోనూ అంతేనమ్మడూ. కృష్ణుడు కౌగిలించుకున్న వాళ్ళందరికీ రంగంటుకుంటాది. తుడవకు, ఉండనీ."

ఒక్క కృష్ణుడు చాలడన్నది కూడా ఆయన మాటే. మా వైపు రాయబారం రాత్రి పదింటికి మొదలైతే తెల్లారిపోతుంది. ఒకే గొంతు అన్ని పద్యాలు ఎక్కడ పాడగలదు? అందుకే పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, కొన్ని చోట్ల యుద్ధానికి మూడో కృష్ణుడు. జనానికి అదేమీ వింతగా ఉండదు. ఒకరి వేషం అవగానే ఇంకో మనిషి అదే కిరీటంతో వస్తాడు, కృష్ణుడు కృష్ణుడే. మేం కూడా ఇద్దరు బుల్లోళ్ళకి నీలం పూశాం. ఒకటో కృష్ణుడు ఇవతలికి రాగానే కిరీటం తీసి రెండోవాడికి పెట్టేవాళ్ళం.

పడక సీను గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ సీను అందరికీ తెలిసిందే. కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు ఆసనంలో కూర్చుంటాడు. అర్జునుడు తరవాత వచ్చి కాళ్ళ దగ్గర ఉంటాడు. కృష్ణుడు లేస్తూ అర్జునుణ్ణే ముందు చూస్తాడు, కనక ముందు కోరుకునే అవకాశం అర్జునుడిది. బుల్లోడికి మోకాళ్ళు వంగవు, మెడ పక్కలకి తిరుగుతుందే తప్ప కిందికి వంగదు. నడుం దగ్గర మాత్రం మడత ఉంది. వెల్లకిలా పడుకున్న కృష్ణుణ్ణి నడుం దగ్గర వంచి లేపాను. మొహం సూటిగా అర్జునుడి మీదకి తిరిగింది. మళ్ళీ పడుకోబెట్టి మళ్ళీ లేపాను. ఎన్నిసార్లు లేపినా అర్జునుడే. దుర్యోధనుడు వీపు వెనకే ఉండిపోయాడు, వాడెంత పెద్ద కుర్చీలో కూర్చున్నా సరే. అప్పటిదాకా ఇది కృష్ణుడి జిత్తు అనుకునేదాన్ని. పదేళ్ళ వయసులో ఆ ప్లాస్టిక్ మనిషి నడుం వంచుతుంటే నాకు తెలిసింది, అర్జునుడు ఎక్కడ కూర్చున్నాడో దాంట్లోనే ఉంది అదంతా. తాతయ్యకి చూపిస్తే ఆయన కూడా రెండుసార్లు తన చేత్తో వంచి చూసుకున్నాడు.

'జెండాపై కపిరాజు' పద్యానికి మాత్రం చాలా కష్టపడ్డాం. రాయబారం సభలో, సంధి కుదరకపోతే యుద్ధంలో ఏం జరుగుతుందో కృష్ణుడు దుర్యోధనుడి కళ్ళకి కట్టే పద్యం అది. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాల వరస, రథం తోలుతూ తను, పైన గాండీవం పట్టిన అర్జునుడు. నిజం నాటకంలో రథం రాదు. ఆర్టిస్టు మైకు ముందు నిలబడి గొంతుతోనే చూపిస్తాడు. మాకు మాత్రం పద్యంలో ఉన్నదంతా తెర వెనక కనిపించాలని పట్టుదల. కోతి దొరికింది. రెండు గుర్రాల్లో ఒకటి తెల్లది, ఇంకోటి నల్లది. నల్లదానికి సున్నం పూశాను. మరో రెండు గుర్రాల్ని తెల్లముక్కలతోనే కట్టాం, మెడలు మరీ బిరుసుగా వచ్చాయి. కోతి జెండా కర్ర మీద నిలిచేది కాదు, రథం కదిలితే చాలు పడిపోయేది. తాతయ్య తేనెమైనం చిన్న ఉండ చేసి దాని పాదం కింద పెట్టి నొక్కాడు. అంతే, మళ్ళీ పడలేదు.

పద్యాలు ఎవరు పాడాలి? నాకు మాటలొచ్చు, రాగం రాదు. తాతయ్య వెనకనుంచి సన్నగా అందుకున్నాడు. మొదట్లో నాకొక్కదానికి వినపడేంత మెల్లగా పాడేవాడు. వారం తిరిగేసరికి వంటింట్లో మామ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేంతగా పాడాడు. నలభై ఏళ్ళ కాపరంలో ఈయన గొంతు ఇలా ఉంటుందని తెలీదంది మామ్మ. రాగం తీస్తున్నంతసేపూ బుల్లోడి చెయ్యి పైకి ఉంచాలని, పద్యం ఎత్తుకోగానే దించాలని, ఆఖరి పాదానికి మళ్ళీ లేపాలని ఆయన నాకు నేర్పాడు. వన్స్ మోర్ పడితే చెయ్యి దించి, ఒక అడుగు వెనక్కి వేయించి, మొదట్నుంచి.

హరిశ్చంద్ర కాటిసీను కూడా ఆడాం. లోహితాస్యుడికి సరిపోయే చిన్న బుల్లోడు లేక, ఒకడి కాళ్ళు ఊడదీసి పొట్టిగా చేశాం. తమ్ముడు ఆ సీను వద్దని ఏడిస్తే రెండోసారి ఆడలేదు.

1994 శ్రీరామనవమి మర్నాడు మా అరుగు మీద పూర్తి రాయబారం వేశాం. వీధి పిల్లలంతా వచ్చారు. తాతయ్యతో ఒలుపుకి వెళ్ళేవాళ్ళు నలుగురు, పక్కింటి అత్తయ్యగారు, చాకలి మామ్మ కూడా. లైటింగుకి రెండు టార్చిలైట్లు, వాటికి ఎర్ర గాజుకాగితం. చివర విశ్వరూపం ఉంది. కౌరవులు కృష్ణుణ్ణి కట్టెయ్యాలని చూస్తారు, ఆయన తన రూపం చూపిస్తాడు. స్టేజీ మీద దానికి రంగు లైట్లు, ఎత్తు బల్ల, చక్రం తిప్పే మోటారు పెడతారు. మాకు అవేమీ లేవు. కానీ ముందు రోజు మధ్యాహ్నం నేను ఒకటి కనిపెట్టాను. బుల్లోడి తల మీద కూడా ఇటుక మీదున్నట్టే ఒక బొడిపె ఉంటుంది. టోపీ నిలవడానికి అది. దాని మీద ఇంకో తల పెడితే కూర్చుంటుంది. దాని మీద ఇంకోటి.

ఎవరికీ చెప్పకుండా, ఆ సీనులో పనిలేని వాళ్ళందరి తలలూ తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాను. అటూ ఇటూ ముక్కల మీద ఇంకొన్ని. పైన కిరీటం. వెనకాల ఎర్రవి పచ్చవి పలకలు విసనకర్రలా విప్పాను. అంతా అడ్డతెర వెనక సిద్ధంగా ఉంది.

సభ నడుస్తోంది. తాతయ్య యథాప్రకారం స్టేజీ వెనక దారం పట్టుకుని పాడుతున్నాడు. నేను వంగి "తాతయ్యా, నువ్వు ముందుకెళ్ళి చూడు" అన్నాను.

"తెరెవరు లాగుతారే?"

"తమ్ముడు లాగుతాడు."

"వద్దులే అమ్మడూ, ఇక్కణ్ణించి కనపడతాది."

"కనపడదు తాతయ్యా. ముందుకే కట్టాను."

ఆయన కాసేపు నా మొహం చూశాడు. దారం తమ్ముడి చేతికిచ్చి, మోకాళ్ళ మీద చెయ్యేసి లేచి, అరుగు దిగి, పిల్లల మధ్యకెళ్ళి నేల మీద కూర్చున్నాడు. తరవాత ఆయనే చెప్పాడు. ఇరవై ఏళ్ళలో ఎన్ని విశ్వరూపాలకి తెర లాగాడో లెక్కలేదు గానీ, ముందునుంచి ఒక్కటి చూడలేదట. ఆయన చూసినవన్నీ కృష్ణుడి వీపు, లైటు వైర్లు, బల్లకి అడ్డం పెట్టిన ఇటుకరాళ్ళు. జనం ఒక్కసారిగా 'ఆ' అనడం మాత్రం వినపడేదట.

తమ్ముడు తెర లాగాడు. ఎర్ర వెలుతురులో అన్ని మొహాలు, అన్నీ నవ్వుతూ. తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుని, రెండు చేతులూ జోడించాడు. పక్కనున్న ఒలుపు వాళ్ళూ జోడించారు. పిల్లలెవరూ చప్పుడు చెయ్యలేదు. తమ్ముడు తెర దించడం మర్చిపోయి అలా నిలబడిపోయాడు, టార్చిలైటు వెలుగు పలచబడే దాకా.

1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి కోనసీమ వాళ్ళకి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి లేచి చూస్తే ఎప్పుడూ కనపడని దూరాలన్నీ కనపడుతున్నాయి, మధ్యలో చెట్లు లేక. ఒలవడానికి కాయ లేదు, ఎక్కడానికి చెట్టు లేదు. సీన్ల ఆసామి అప్పటికే వ్యాపారం మానేసి నాలుగు పాత తెరలు తాతయ్యకి ఇచ్చేశాడు. అవి మా అటక మీద ఉండేవి. ఇంటి పెంకులు లేచిపోయి రాత్రంతా వాన వాటి మీదే కురిసింది. జిగురులో కలిపి వేసిన రంగులు కదా, కరిగి గోడల వెంట కారిపోయాయి. ఉదయం గోడ మీద అడవి తెర ఆకుపచ్చ, దర్బారు తెర ఎరుపు చారలు చారలుగా ఉన్నాయి. తాతయ్య ఆ గోడని చేత్తో తడిమి, వేళ్ళకంటిన రంగు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

నిడో డబ్బా నాలుగో రోజు దొరికింది. కొబ్బరి తోటలో బోదెలో, పడిపోయిన మట్టల కింద. మూత బిగువుగా ఉండటంతో లోపలికి బురద పెద్దగా వెళ్ళలేదు. ముక్కలన్నీ నూతి దగ్గర కడిగి చాప మీద ఆరబోశాం. ఒక్క ముక్క రంగు వెలవలేదు. తాతయ్య లోపలికెళ్ళి, తెరల్లో పాడవకుండా మిగిలిన జానెడు గుడ్డ కత్తిరించి తెచ్చాడు. దర్బారు తెరలో సగం స్తంభం, దాని పక్కన ఒక ద్రాక్షగుత్తి. దానికి అగ్గిపుల్లలు అతికించి, దారం కట్టి, చిన్న తెర చేశాడు. పెద్ద తెరలకి ఎలా ముడివేసేవాడో అలాగే వేశాడు ముడులు.

2003 పుష్కరాలు అయిన చలికాలంలో ఆయన పోయారు.

మా అబ్బాయికి ఇప్పుడు పదేళ్ళు. హైదరాబాదులో ఉంటాం. మొన్న వేసవిలో వాడు ఒక వీడియో చూపించాడు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం మొత్తం లెగో బొమ్మలతో ఆడించారు ఎవరో. బూడిదరంగు ఇటుకల కోట, దాని బురుజు మీద తెల్లటి దయ్యం బొమ్మ, చనిపోయిన రాజు. నాకు ఇంగ్లీషు డైలాగులు సగమే అర్థమయ్యాయి గానీ, హామ్లెట్ మాట్లాడేముందు చెయ్యి లేపి, మాట మొదలవగానే దించాడు. అది చూసి గొంతు పట్టేసింది. వాడికి ముత్తాత గురించి చెప్పడం మొదలుపెట్టాను, రాత్రి పన్నెండయింది.

ఊరెళ్ళినప్పుడు డబ్బా తెచ్చుకున్నాం. తుప్పు పట్టి అడుగు ఊడింది గానీ ముక్కలున్నాయి. 1958లో డెన్మార్క్‌లో పేటెంటు తీసుకున్న నాటి ఇటుకకీ ఇప్పటి ఇటుకకీ కొలత మారలేదట. మా వాడు కొత్త సెట్టులో ముక్క తీసి కువైట్ ముక్క మీద పెట్టి నొక్కాడు. టిక్కుమని కూర్చుంది.

ఇప్పుడు మేం 'జెండాపై' తీస్తున్నాం. సెకనుకి 12 ఫొటోలు. బొమ్మని వెంట్రుకవాసి జరపడం, ఒక ఫొటో, మళ్ళీ జరపడం. నిమిషానికి 720. రాగం దగ్గర మాత్రం హాయి, చెయ్యి లేపి ఉంచితే చాలు, బొమ్మ కదలక్కర్లేదు. కృష్ణుడికి నీలిమందే పూశాను. అర్జునుడి భుజానికి అంటితే మా వాడు తుడవబోయాడు, వద్దన్నాను. తేనెమైనం కోసం మాత్రం ఊళ్ళోంచి తమ్ముడికి కబురు పెట్టాల్సొచ్చింది.

నిన్న రాత్రి అంతా అమర్చాం. వాడు ఫోను స్టాండుకి బిగించి ముందు బోర్లా పడుకున్నాడు. నేను వెనకవైపు కూర్చుని దారం పట్టుకున్నాను. ఇటునుంచి దర్బారు తెర వట్టి వెలిసిన గుడ్డ, తాతయ్య వేసిన రెండు ముడులు. వాటికి ఇవతల కృష్ణుడి వీపు, మైనం ఉండ మీద కోతి, సున్నం పెచ్చులు లేస్తున్న గుర్రం.

"అమ్మా, రెడీ" అన్నాడు వాడు. "ఈల వెయ్యి."